మాస్ట్ కొన ఎవరిది? యాంటెన్నాదా, పిడుగు కడ్డీదా?

ఉప్పుటేరు_బోటు:
అందరికీ నమస్కారమండి. మాది 30 అడుగుల ఫైబర్ తెరచాప బోటు, కాకినాడలో ఉంటుంది. పెయింటింగ్ కోసం అల్యూమినియం మాస్ట్ (తెరచాప కట్టే స్తంభం) దించాం. నిలబెడితే కొన నీటి మీద 12 మీటర్ల ఎత్తున ఉంటుంది, ఆ తర్వాత చిన్న పనికైనా పైకి ఎక్కాల్సిందే. అందుకే ఇప్పుడే తేల్చుకోవాలి. కొన మీది పలక అరచేతికన్నా కాస్త పెద్దది, అంతే. దాని మీద వీహెచ్‌ఎఫ్ రేడియో యాంటెన్నా, మూడు రంగుల లైటు, లంగరు లైటు, గాలి బాణం, గాలి వేగం కొలిచే గిన్నెలు పెట్టాలని నా ప్లాను. మా బావ మాత్రం అవన్నీ పీకేసి ఒక్క పిడుగు కడ్డీ పెట్టమంటాడు. మీరేమంటారు?

రేడియో_మెకానిక్:
యాంటెన్నా కొన మీదే ఉండాలి, ఇందులో చర్చేముందండి? వీహెచ్‌ఎఫ్ దాదాపు చూపుమేరకే పోతుంది. రెండు యాంటెన్నాల ఎత్తులు మీటర్లలో తీసుకుని, వాటి వర్గమూలాలు కలిపి 4.1తో గుణించండి, కిలోమీటర్లు వస్తాయి. మీది 12 మీటర్లు, అవతలి వేటబోటుది 4 మీటర్లు అనుకుంటే సుమారు 22. అదే వెనక రెయిలింగుకి 2.5 మీటర్ల ఎత్తున కడితే 15కి పడిపోతుంది. మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటాక ఇంజను మొరాయించి, ఆపదలో పిలిచే ఛానల్ 16లో పిలిచే రోజున ఆ తేడా ఏంటో తెలుస్తుంది. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ వాళ్లకి రేడియో విలువ నేను చెప్పక్కర్లేదు.

ఒక్క షరతు. కేబుల్ దగ్గర కక్కుర్తి పడకండి. సన్న ఆర్‌జీ-58 వేస్తే మాస్ట్ కొన నుంచి రేడియో దాకా వచ్చేలోపే సగం పవర్ కేబుల్‌లో పోతుంది. 25 వాట్ల సెట్టు కొని పైకి 12 పంపుతున్నట్టు. ఆర్‌జీ-213 అయితే పోయేది పావు వంతే. లావే, బరువే, అయినా అదే వేయండి.

వశిష్ట_చుక్కాని:
మెకానిక్ గారి లెక్క తప్పని అనను. కానీ ఆ లెక్కలో ఏప్రిల్, మే నెలలు లేవు. మధ్యాహ్నం ఉక్కపోత, సాయంత్రానికి పడమట మబ్బు, ఆపైన పిడుగులు. విపత్తుల సంస్థ వాళ్ల హెచ్చరిక మెసేజీలు ఫోన్లో వరసపెట్టి వస్తాయి. నరసాపురం దిగువన లంగరేసి ఉండగా మా బోటు మీద పిడుగు పడింది. యాంటెన్నా కడ్డీ కరిగి మొదట్లో నల్లటి ముక్క మిగిలింది. కేబుల్ వెంట దిగి రేడియో పోయింది, పక్కనే ఉన్న లోతు చూసే మీటరూ పోయింది. గిన్నెల సంగతి చెప్పక్కర్లేదు.

నా మాట ఒకటే. కొన మీద ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. పైగా మాస్ట్ విరిగిందనుకోండి, రేడియో అవసరం పడేది అప్పుడే. యాంటెన్నా మాత్రం మాస్ట్‌తో పాటు నీళ్లలో ఉంటుంది.

రేడియో_మెకానిక్:
పడ్డందుకు బాధగానే ఉందండి. కానీ యాంటెన్నా లేకపోతే పడేది కాదనుకోవడం పొరపాటు. ఆ మైదానంలో, ఆ నీటి మీద ఎత్తైనది మీ మాస్టే, బోడిగా ఉన్నా పడుతుంది. కడ్డీ కూడా పిడుగుని ఆపదు, తన మీదికి తీసుకుని దారి చూపిస్తుంది. అన్నిటికన్నా ఓ జానెడు పైకి ఉండాలి. అల్యూమినియం మాస్ట్ ఎలాగూ మంచి వాహకమే. అసలు ప్రశ్న మాస్ట్ మొదట్లో ఉంది. అక్కడి నుంచి నీళ్లలోకి లావుపాటి రాగి తీగ ఉందా, లేదా? అది లేకుండా పైన బంగారు కడ్డీ పెట్టినా దండగే.

వశిష్ట_చుక్కాని:
సరే, ఆ రాగి తీగ దిగేది ఏ నీళ్లలోకి? పుస్తకాల్లో చెప్పే చదరపు అడుగు రాగి రేకు ఉప్పునీటికి. మన దగ్గర వరదొస్తే మొగ దాకా ఎర్రనీళ్లే. మంచినీళ్లు కరెంటుని సరిగ్గా తీసుకోవు కాబట్టి ఆ రేకు చాలదు. పిడుగు పక్కలకి దూకుతుంది, ఫైబర్ బాడీకి చిల్లులు పడతాయి. సముద్రంలో తిరిగేవాళ్ల సలహా గోదావరి పాయల్లో యథాతథంగా పనికిరాదు. ఒక రేకుతో సరిపెట్టకుండా బోటు చుట్టూ, నీటిమట్టం దగ్గర, ఇంకొన్ని చోట్ల దించాలి.

రేడియో_మెకానిక్:
ఇది ఒప్పుకుంటున్నా. వేసవి చివర్లో ఉప్పు పైకి వస్తుంది గానీ ఆగస్టులో మీరన్నదే నిజం.

యానాం_గట్టు:
మీ ఇద్దరూ లైట్లని మర్చిపోయారు. 20 మీటర్ల లోపు బోటుకి మూడు రంగులూ ఒకే లైటులో కొన మీద పెట్టుకోవచ్చని నిబంధన ఉంది, నిజమే. అది తెరచాప మీద పోయేటప్పుడే. ఇంజను వేస్తే అది ఆర్పి, కింది ఎరుపు, ఆకుపచ్చ, వెనక తెలుపు, ముందు చూపే తెల్ల లైటు వేయాలి. గాలి పడిపోయినప్పుడల్లా ఇంజను వేసే మనకి కింది లైట్లు తప్పవు. కాబట్టి పైన మూడు రంగుల లైటు నా దృష్టిలో షోకే.

లంగరు లైటు సంగతి ఇంకా ముఖ్యం. బాగా కనబడే చోట పెట్టమన్నారు గానీ కొన మీదే పెట్టమని లేదు. కాకినాడ రేవు బయట లంగరేసిన ఓడల లైట్ల మధ్య 12 మీటర్ల ఎత్తున ఒక చుక్క వెలిగితే ఏ ఓడదో అనుకుంటారు. తెల్లారుజామున నాటుపడవలో వచ్చేవాడు తలెత్తి చూడడు. మనిషి ఎత్తు కంటే కాస్త పైన ఒకటి వేలాడదీయండి.

ఇంకోటి, చవక ఎల్‌ఈడీ కొన్ని రేడియోని చెడగొడతాయి. మాటల్లేని ఛానల్ పెట్టి, స్క్వెల్చ్ (గరగరని ఆపే నాబ్) తిప్పుతూ గరగర అప్పుడే ఆగిన చోట వదిలేయండి. ఇప్పుడు లైటు వేయండి. గరగర మళ్లీ మొదలైతే ఆ లైటు యాంటెన్నా పక్కన పనికిరాదు. మాస్ట్ నేల మీద ఉన్నప్పుడే చూసుకోండి.

మడఅడవి:
కోరంగి వైపు ఉంచితే నీటికాకుల గురించి కూడా ఆలోచించండి బాబూ. గాలి బాణం మీద వాలి దాన్ని వంచేసి పోతాయి. గిన్నెలు తప్పవనుకుంటే ముందుకి చాచిన కడ్డీ చివర పెట్టండి, తెరచాప మీంచి వచ్చే చెదిరిన గాలి తగలదు. అన్నట్టు, యాంటెన్నాతో మాస్ట్ ఇంకో మీటరు పెరుగుతుంది. పాయల మీదుగా పోయే కరెంటు తీగల ఎత్తు దాన్ని కలుపుకునే చూడాలి.

ఉప్పుటేరు_బోటు:
బోలెడు థాంక్సండి. యాంటెన్నా కొనకే, గాలి బాణం దానికి వీలైనంత దూరంగా. ఇంకో యాంటెన్నా వెనక రెయిలింగుకి కడతా, పైది పోతే దానికి మార్చుకోవచ్చు. గిన్నెలు, మూడు రంగుల లైటు మానేస్తున్నా. లంగరు లైటు కిందకి. రాగి దారి పూర్తయ్యాకే కడ్డీ. బావ ఇంకా గొణుగుతున్నాడు.

వశిష్ట_చుక్కాని:
మీ బావ వైపే నేను. మబ్బు పట్టగానే రెండు యాంటెన్నాల కేబుళ్లూ రేడియో నుంచి పీకేయండి. చేతి సెట్టు ఒకటి విడిగా ఉంచుకోండి.

రేడియో_మెకానిక్:
పైన కేబుల్ జాయింటుకి మామూలు ఇన్సులేషన్ టేపు వద్దు. సాగదీసి చుడితే తనకు తానే అతుక్కుపోయే రబ్బరు టేపు వేయండి, కింద నుంచి పైకి. కేబుల్‌కి చిన్న వంపు వదిలితే వాన నీళ్లు అక్కడే జారిపోతాయి.