వార్షిక పాసు ఉన్నా ముందస్తు నమోదు ఎందుకు? (టెక్సాస్ స్టేట్ పార్కులు)

బాటసారి (ప్లేనో): హిల్ కంట్రీలోని ఒక పార్కు ద్వారం దగ్గర, చేతిలో వార్షిక పాసు ఉన్నప్పటికీ, ఆ రోజుకు ముందుగా నమోదు చేసుకోలేదని మమ్మల్ని పిల్లలతో సహా వెనక్కి పంపారు. ప్రజల భూమిలో నడవడానికి కూడా ముందే చోటు ఖరారు చేసుకోవాలంటే అది ప్రజల భూమి ఎలా అవుతుంది?

కృష్ణాతీరం (ఆస్టిన్): పాసు ప్రవేశ రుసుమును తప్పిస్తుందే గాని చోటుకు పూచీ ఇవ్వదు. ఎంచాంటెడ్ రాక్ సంగతే చూడండి. 425 అడుగుల ఎత్తున్న ఆ గులాబీ రంగు గ్రానైటు గుట్ట నెత్తిన వాన నీరు నిలిచే గుంటలున్నాయి. వాటిలో బతికే రొయ్యల వంటి చిరుజీవుల గుడ్లు, నీరెండిన తరువాత కూడా అడుగు మట్టిలోనే ఉండి మళ్లీ వాన పడ్డాక పొదుగుతాయి. వారాంతపు జనం ఆ మట్టిని తొక్కి పాడుచేయకుండా ఉండాలంటే ద్వారం దగ్గర లెక్క ఉండవలసిందే.

సుజాత_ఇర్వింగ్: మేము బుధవారాలు వెళ్తాము, ఇంతవరకు ఎవరూ ఆపలేదు.

బాటసారి: బుధవారం నాకు ఉద్యోగం ఉంటుందండీ. పాసు అమ్మేటప్పుడు ఆ షరతును పెద్ద అక్షరాలతో ఎందుకు చెప్పరన్నదే నా ప్రశ్న.

కృష్ణాతీరం: నిబంధనలు చదవకుండా కొని, ఆనక పార్కును నిందించడం భావ్యం కాదు.

బాటసారి: చదవడం రాదనిపించుకోవడానికి నేనిక్కడికి రాలేదు. అసలు ఈ కొరత ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పండి. 1845లో అమెరికాలో చేరినప్పుడు టెక్సాస్ తన ప్రభుత్వ భూములను తన దగ్గరే ఉంచుకుని, తరువాత రైలు కంపెనీలకు కొంత, బడుల నిధికి కొంత ధారపోసింది. నేడు 95 శాతం దాకా భూమి ప్రైవేటు చేతుల్లో ఉంది. విద్యుత్ కంపెనీ భూమిని రాష్ట్రం లీజుకు తీసుకుని 1976 నుంచి నడిపిన ఫెయిర్‌ఫీల్డ్ లేక్ పార్కు కూడా, ఆ కంపెనీ స్థిరాస్తి వ్యాపారులకు అమ్మడంతో 2023లో మూతపడింది. బలవంతపు సేకరణకు పార్కుల కమిషన్ తీర్మానించింది గాని, కోర్టు నియమించిన వారు 41.83 కోట్ల డాలర్ల ధర కట్టేసరికి వెనక్కి తగ్గింది. తగ్గకుండా ఉండవలసింది.

నిత్యనడక: అదే ఏడాది నవంబరులో కొత్త పార్కుల కోసం వంద కోట్ల డాలర్ల నిధిని ఓటర్లు ఆమోదించారు కదా.

కృష్ణాతీరం: ఆ నిధికి నేనూ ఓటు వేశాను. అమ్మేవారి దగ్గర కొంటే నాకే అభ్యంతరమూ లేదు, అమ్మనన్నవారి దగ్గర లాక్కోవడాన్నే ఒప్పుకోలేను. మా తాతగారి మాగాణి ఒక జలాశయం కింద మునిగిపోయింది, పరిహారం కోసం కోర్టు వాయిదాలకు తిరుగుతూనే మా నాన్నగారు ముసలివారయ్యారు. కొత్తగా సేకరించడం కన్నా ఉన్న పార్కుల్లోనే వంతులవారీగా సర్దుకుందామని నేననేది అందుకే.

బాటసారి: మీ కుటుంబానికి అన్యాయమే జరిగింది. అయితే ఫెయిర్‌ఫీల్డ్‌లో ఎవరి పొలమూ పోలేదు. దశాబ్దాలుగా జనం చేపలు పట్టుకున్న చెరువు గట్టున కాపలా ద్వారాల వెనుక ఖరీదైన ఇళ్లు, గోల్ఫు మైదానం కట్టాలని కొన్నవారు వారు. వారిని మీ తాతగారి పక్కన నిలబెట్టడం ఆయనకే అవమానం.

కృష్ణాతీరం: చట్టం యజమానిని చూసి మారదు. రేపు అదే అధికారంతో ఒక రైతు పశువుల మేత భూమి మీదికి వస్తే, ఆయన తరఫున అంత ధర రాబట్టే వకీళ్లు ఉండరు. అప్పుడూ సమ్మతిస్తారా?

బాటసారి: ఇంటినీ, సాగులో ఉన్న నేలనూ వదిలిపెట్టి, డబ్బు చేతిలో పెట్టిన తరువాతే మిగిలింది తీసుకుంటే సమ్మతిస్తాను.