1968లో నిక్సన్‌కు బదులు హంఫ్రీ గెలిచి ఉంటే?

ప్రశ్న (విద్యార్థి, తిరుపతి):
సభ్యులందరికీ నమస్కారం. తిరుపతిలో గ్రూప్‌-1కు చదువుకుంటున్న మా మిత్రుల మధ్య 1971 బంగ్లాదేశ్ యుద్ధం గురించి మొదలైన వాదన 1968 అమెరికా ఎన్నికల దాకా వెళ్లింది. ఆ అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ నిక్సన్‌కు 43.4 శాతం, డెమొక్రాట్ హంఫ్రీకి 42.7 శాతం ఓట్లు వచ్చాయి. హంఫ్రీ గెలిచి ఉంటే, 1971 యుద్ధంలో నిక్సన్ పంపిన విమానవాహక యుద్ధనౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతానికి వచ్చేదా? అమెరికా రాజకీయాలు వేరే దారి పట్టేవా?

జవాబు (విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, చిత్తూరు):
నాయనా, ముందు ఆయన ఎలా గెలిచేవారో తేల్చుకోవాలి. అధ్యక్షుణ్ణి తేల్చేవి రాష్ట్రాలవారీగా లెక్కించే ఎలక్టోరల్ ఓట్లు; అవి నిక్సన్‌కు 301, హంఫ్రీకి 191, మూడో అభ్యర్థి అయిన దక్షిణాది నేత వాలెస్‌కు 46 వచ్చాయి. గెలుపుకు 270 కావాలి. 40 ఓట్లున్న కాలిఫోర్నియా హంఫ్రీ వైపు తిరిగి ఉంటే నిక్సన్ 261 దగ్గర ఆగిపోయేవారు గానీ, హంఫ్రీకి మాత్రం 231 మించవు. ఎవరికీ 270 రావు కనుక, అప్పుడు నిర్ణయం అమెరికా పార్లమెంటు దిగువ సభ అయిన ప్రతినిధుల సభది. అక్కడ రాష్ట్రానికి ఒకే ఓటు కనుక 38 మంది సభ్యులున్న కాలిఫోర్నియాకూ, ఒక్క సభ్యుడున్న అలాస్కాకూ సమాన బలమే. 1948 పార్టీ మహాసభలో నల్లజాతివారి పౌరహక్కుల కోసం గట్టిగా మాట్లాడిన హంఫ్రీ, ఆ హక్కులను ఏళ్ల తరబడి అడ్డుకున్న దక్షిణాది డెమొక్రాట్ల మద్దతే కోరవలసి వచ్చేది. అలా పదవి పొందిన అధ్యక్షుడు పాఠశాలల్లో జాతి వేర్పాటును తొలగించే విషయంలో ఎంతవరకు నిలబడగలిగేవారన్నదే నన్ను అన్నిటికన్నా ఎక్కువగా వేధించే ప్రశ్న.

జవాబు (రాజనీతిశాస్త్ర పరిశోధకురాలు, తిరుపతి):
మాస్టారు చెప్పిన లెక్క సరైనదే. 1971 విషయానికొస్తే, పాకిస్తాన్ 1950ల నుంచే అమెరికా కూటముల్లో ఉంది కనుక ఆ స్నేహం హంఫ్రీ హయాంలోనూ తెగేది కాదు. అయితే ఆ ఏడాది జూలైలో నిక్సన్ సలహాదారు కిసింజర్ ఇస్లామాబాద్ మీదుగా రహస్యంగా బీజింగ్ వెళ్లడానికి పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యాఖాన్ తోడ్పడ్డారు. తూర్పు పాకిస్తాన్‌లో (నేటి బంగ్లాదేశ్‌లో) పాక్ సైన్యం సాగించిన హత్యాకాండపై ఆ అవసరమే నిక్సన్ నోరు కట్టేసింది. ఢాకాలోని అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ కార్యాలయం నుంచి ఏప్రిల్ 6న, తమ ప్రభుత్వ మౌనాన్ని తప్పుపడుతూ సొంత అధికారులే పంపిన టెలిగ్రామ్‌ను పక్కన పెట్టి, బ్లడ్‌ను అక్కడి నుంచి తప్పించారు. ఒక డెమొక్రాట్ చైనాకు చేయి చాపితే కమ్యూనిస్టులకు లొంగిపోయాడని రిపబ్లికన్లు విరుచుకుపడేవారు కాబట్టి, హంఫ్రీ అంత త్వరగా ఆ సాహసం చేసి ఉండరు. ఆ తొందరే లేకపోతే యాహ్యాఖాన్‌ను వెనకేసుకురావలసిన పనీ తగ్గేది. ఎంటర్‌ప్రైజ్ వచ్చేది కాదనే నా నమ్మకం.

ప్రశ్న (విద్యార్థి, తిరుపతి):
కృతజ్ఞతలు మేడమ్. సార్, ఫలితం మారాలంటే ఏ ఘట్టాన్ని మార్చి ఊహించాలి?

జవాబు (విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, చిత్తూరు):
సెప్టెంబరు 30 నాటి సాల్ట్ లేక్ సిటీ ప్రసంగాన్ని. ఉపాధ్యక్షుడిగా అంతవరకు అధ్యక్షుడు జాన్సన్ మాట దాటని హంఫ్రీ, శాంతి కోసం ఉత్తర వియత్నాంపై బాంబు దాడులు ఆపడానికి సిద్ధమని అక్కడ చెప్పాక ఆయన ప్రచారం పుంజుకుంది. ఆగస్టులో డెమొక్రాట్ల మహాసభ జరిగిన షికాగో వీధుల్లో పోలీసులు నిరసనకారులను చావబాదకముందే ఆ మాట అని ఉంటే, యుద్ధ వ్యతిరేకులు చాలామంది ముందే ఆయన పక్షాన చేరేవారని నా అభిప్రాయం.