చర్చ: పాత ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి టెలిఫోన్ ఎక్స్ఛేంజి) నుంచి ఎస్‌ఐపీకి (ఇంటర్నెట్ పద్ధతిలో కాల్స్ నడపడం) మారాలంటే ముందు ఏది కదపాలి?

అంబత్తూరు_వాసు:
చెన్నై అంబత్తూరు ఎస్టేట్‌లో ఫ్యాక్టరీ. కార్డుల ఈపీఏబీఎక్స్, 8 రాగి లైన్లు, 96 ఎక్స్‌టెన్షన్లు (లోపలి ఫోన్లు), మూడు షెడ్లకి 50 జతల కేబుల్. వాన పడితే రెండు బయటి లైన్లలో గరగర. అమ్మేవాళ్లు మొత్తం పీకేసి ఐపీ ఫోన్లు పెట్టమంటున్నారు. అంత అవసరమా?

క్రోన్_కత్తి:
పీకద్దు వాసు గారూ. గరగర బయటి లైన్లలో అంటున్నారు కాబట్టి మార్చాల్సింది ట్రంకులు (బయటి లైన్లు), ఎక్స్‌టెన్షన్లు కాదు. ఫైబర్ మీద ఎస్‌ఐపీ ట్రంకు తీసుకుని, 8 పోర్టుల ఎఫ్‌ఎక్స్‌ఎస్ గేట్‌వే (ఐపీ కాల్‌ని మామూలు ఫోను లైనుగా మార్చే పెట్టె) పెట్టి, ఆ పోర్టుల్ని ఇప్పుడున్న ట్రంకు కార్డుకి కలపండి. ఈపీఏబీఎక్స్‌కి అవి మామూలు ల్యాండ్‌లైన్లే. షెడ్లలో ఒక్క తీగ కదలక్కర్లేదు.

కొనేటప్పుడు ఎఫ్‌ఎక్స్‌ఎస్‌కీ ఎఫ్‌ఎక్స్‌ఓకీ తేడా చూసుకోండి. ఎఫ్‌ఎక్స్‌ఎస్ లైనుకి కరెంటు, రింగు ఇస్తుంది, ఎఫ్‌ఎక్స్‌ఓ పుచ్చుకుంటుంది. ట్రంకు కార్డు కూడా పుచ్చుకునేదే. ఎఫ్‌ఎక్స్‌ఓ కొన్నారంటే ఇచ్చేవాడు లేక డయల్ టోనే రాదు.

బ్యాండ్‌విడ్త్ గురించి బెంగ వద్దు. జీ.711లో (మాటని డిజిటల్‌గా మార్చే పద్ధతి) హెడర్లతో కలిపి ఒక కాల్‌కి ఒక్కో దిశలో సుమారు 87 కేబీపీఎస్. 8 కాల్స్ ఒకేసారి నడిచినా 700 చాలు.

అసలు చిక్కు కాల్ అయ్యాకే. అవతలివాళ్లు పెట్టేశారని ట్రంకు కార్డుకి తెలియకపోతే లైను అలాగే పట్టుకుని కూర్చుంటుంది, సాయంత్రానికి 8 లైన్లూ బిజీ. గేట్‌వేలో దేశం ఇండియా అని పెట్టండి. మన బిజీ టోన్ 400 హెర్ట్జ్, 0.75 సెకను మోత, 0.75 సెకను మౌనం. చాలా గేట్‌వేలు పెట్టెలోంచి అమెరికా టోన్లతోనే వస్తాయి, మన కార్డు వాటిని గుర్తుపట్టదు. కార్డు, గేట్‌వే రెండింటిలోనూ పోలారిటీ రివర్సల్ (కాల్ అయిపోగానే లైను ప్లస్ మైనస్‌లు తారుమారై తెలియజేయడం) ఉంటే టోన్ కన్నా అదే నమ్మకం.

అంబత్తూరు_వాసు:
మంచిదండి. మరి షెడ్ల కేబుల్ ఇంకా పనికొస్తుందో లేదో ఎలా తేల్చాలి?

రాగి_జత:
జతని రెండు చివర్లా ఊడదీసి, అవతల రెండు తీగల్నీ కలిపి మెలిపెట్టి, ఇవతల మల్టీమీటర్‌తో చూడండి. 0.5 మి.మీ. తీగ అయితే పోనూ రానూ కిలోమీటరుకి సుమారు 175 ఓమ్‌లు. 300 మీటర్ల షెడ్డుకి 53 దగ్గర రావాలి. 90 చూపించిందంటే మధ్యలో ఏదో జాయింటు తుప్పు పట్టింది. తర్వాత మెలి విప్పి తీగకీ తీగకీ, తీగకీ ఎర్త్‌కీ మధ్య మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే పరికరం). కార్డు తగిలి ఉండగా మెగ్గర్ తిప్పితే పోర్టు పోయినట్టే.

క్రోన్ స్ట్రిప్‌ని (కేబుల్ తీగల్ని చీలికల్లో నొక్కి కలిపే పట్టీ) టార్చి వేసి దగ్గరగా చూడండి. చీలికలో ఆకుపచ్చ పొడి ఉందంటే ఉప్పుగాలి పని పట్టింది. ఎవరైనా స్క్రూడ్రైవర్‌తో తీగ నొక్కిన చోట రేకు దవడలు విచ్చుకుని ఉంటాయి. ఆ తర్వాత అసలు టూల్‌తో నొక్కినా పట్టు రాదు. ఒకే చీలికలో రెండు తీగలు దూర్చినా ఇదే గతి, ఒకటి తీస్తే రెండోది వదులైపోతుంది. అలాంటి స్ట్రిప్‌ని బాగు చేయాలని చూడకండి, 10 జతలదీ కొత్తది వేసేయండి. రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది.

మౌంట్‌రోడ్_శాస్త్రి:
ఈ రాగి తీగల జత ఇంత కాలం ఎలా నిలిచిందో కూడా చెప్పుకోవాలి. మద్రాసుకి టెలిఫోన్ ఎక్స్ఛేంజి 1882లో వచ్చింది. ఆపరేటర్ చేత్తో కలిపే బోర్డులు పోయాయి, ఆపరేటర్ లేకుండా తనే కాల్ కలిపే, 1891లో పేటెంటు అయిన స్ట్రౌజర్ స్విచ్ వచ్చి పోయింది, దాని తర్వాతి క్రాస్‌బార్ స్విచ్ పోయింది. 1984లో పెట్టిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీడాట్ 128 పోర్టుల డిజిటల్ ఎక్స్ఛేంజిని 1986కల్లా కర్ణాటకలోని కిత్తూరులో నడిపింది. లోపల యంత్రం ఎన్నిసార్లు మారినా లైను మీద మైనస్ 48 వోల్టులే. పాజిటివ్‌ని ఎర్త్ చేసి తీగని నెగటివ్‌లో ఉంచితే, తడిలో కరెంటు లీకైనా రాగి కరిగిపోదు. తిరగేసి ఉంటే ఈ సముద్రం పక్కన కేబుళ్లు ఎప్పుడో కొరుక్కుపోయేవి. ఆ కొలత మారలేదు గనుకే మీ పాత టోన్ ఫోన్లు ఇవాళ్టి గేట్‌వే మీద కూడా మోగుతాయి. పల్స్ ఫోన్లుంటే (తిప్పే డయల్ లాంటివి) మాత్రం గేట్‌వే పల్స్ డయలింగ్ పట్టుకుంటుందో లేదో ముందే అడగండి.

పీణ్య_సుధ:
ట్రంకులే ముందన్నది ఒప్పుకుంటాను. కానీ ఆఫీసు బల్లల మీద కూడా పాత ఫోన్లే ఉంచడం సరి కాదు. కాల్ రికార్డింగు, ల్యాప్‌టాప్‌లో ఫోను కావాల్సినవాళ్లకి ఆస్టరిస్క్ లాంటి ఐపీ పీబీఎక్స్ (ఐపీ ఫోన్లని కలిపే ఎక్స్ఛేంజి సాఫ్ట్‌వేర్) పెట్టి పాత ఈపీఏబీఎక్స్‌తో కలపండి. షెడ్లు, గేటు, లిఫ్టు ఫోన్లు అనలాగ్‌లోనే ఉండనివ్వండి.

ఐపీ వైపు ఫిర్యాదులు మూడు రకాలే ఎక్కువ. ఒకవైపే మాట వినిపిస్తే ముందు రౌటర్‌లో ఎస్‌ఐపీ ఏఎల్‌జీ (ఎస్‌ఐపీ సందేశాల్ని రౌటరే మార్చే సెట్టింగు) ఆపేసి, మాట వెళ్లే ఆర్‌టీపీ పోర్టులు చూడండి. కాల్ ప్రతిసారీ సరిగ్గా 32 సెకన్లకి తెగిపోతే లైను తప్పు కాదు. కాల్ కుదిరిందని ఖాయం చేసే ఏసీకే సందేశం చేరడం లేదు, పీబీఎక్స్ అంతవరకే ఎదురుచూస్తుంది. ఎన్‌ఏటీ (లోపలి ఐపీని పబ్లిక్ ఐపీగా మార్చే) సెట్టింగులో పబ్లిక్ ఐపీ తప్పుగా ఉందేమో చూడండి. ఉదయం మోగిన ఫోను కాసేపు ఖాళీగా ఉన్నాక మోగకపోతే కీప్‌అలైవ్‌ని (దారి మూసుకోకుండా పంపే సందేశాల వ్యవధి) 30 సెకన్ల లోపు పెట్టండి. ఎక్స్‌టెన్షన్ నంబరునే పాస్‌వర్డుగా పెట్టకండి, 00తో మొదలయ్యే కాల్స్ మూసేయండి. రాత్రికి రాత్రి విదేశీ కాల్స్ బిల్లు వచ్చేది ఈ సందులోంచే. ఫ్యాక్స్ ఉంటే టీ.38 (ఐపీ మీద ఫ్యాక్స్ పంపే పద్ధతి) అడిగి తీసుకోండి.

క్రోన్_కత్తి:
సుధ గారు చెప్పింది నిజమే. ఇంకొకటి. మొబైల్‌కి ఉన్న పోర్టబిలిటీ ల్యాండ్‌లైన్‌కి లేదు. 044 నంబర్లు కస్టమర్ల బిల్లుల మీద ఉంటే, అదే ఆపరేటర్‌ని ఆ నంబర్లనే ఎస్‌ఐపీకి మార్చగలరా అని రాతపూర్వకంగా అడగండి. కుదరదంటే కొత్త నంబర్లు తీసుకుని, పాత పైలట్ (ప్రధాన) నంబరు నుంచి కొన్ని నెలలు కాల్ ఫార్వర్డ్ ఉంచండి.

అంబత్తూరు_వాసు:
ఒక షెడ్డు కొలిచాను. 20 జతల్లో 17 బాగున్నాయి, మూడు 100 దాటాయి. కరెంటు పోతే ఫోన్లు రెండు నిమిషాల్లో ఆగిపోతున్నాయి, అది కూడా కేబులేనా?

రాగి_జత:
కాదన్నా, బ్యాటరీ. 12 వోల్టులవి నాలుగు వరసగా ఉంటాయి. చార్జర్ ఆపి, లోడు మీద ఒక్కోదాన్నీ విడిగా కొలవండి. మూడు 12 పైన ఉండి ఒకటి 10కి జారినా మొత్తం పడిపోతుంది. ఆ ఒక్కటే మారిస్తే పాత మూడూ కొత్తదాన్ని కూడా త్వరగా చంపుతాయి, నాలుగూ కలిపి మార్చండి. గేట్‌వేకీ ఫైబర్ పెట్టెకీ కూడా అదే చోట యూపీఎస్ ఇవ్వండి, లేకపోతే ఈపీఏబీఎక్స్ బతికున్నా బయటి కాల్ పోదు.