పాత సాఫ్ట్‌వేర్ మైగ్రేషన్ మీద ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ (పీఎం) ఇంటర్న్‌షిప్: చేరొచ్చా, వదిలేయాలా?

కొత్తపీఎం_హైదరాబాద్:
అందరికీ నమస్తే. ఎంబీఏ మొదటి ఏడాది అయిపోవస్తోంది, వేసవికి రెండు ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ (పీఎం, అంటే ప్రొడక్ట్‌లో ఏం ఉండాలో తేల్చే పని) ఇంటర్న్‌షిప్‌లు చేతిలో ఉన్నాయి. ఒకటి షాపింగ్ యాప్‌లో, కొత్త ఫీచర్ల టీమ్. రెండోది చిట్ ఫండ్ కంపెనీలకు సాఫ్ట్‌వేర్ చేసిపెట్టే చిన్న సంస్థ. వాళ్ల పాత ప్రోగ్రామ్ విజువల్ ఫాక్స్‌ప్రో అనే పాతకాలపు డేటాబేస్ టూల్‌లో ఉంది, ఏ బ్రాంచి డేటా ఆ బ్రాంచి కంప్యూటర్లోనే. దాన్ని మాన్పించి అందర్నీ వెబ్ వెర్షన్‌కి తేవడమే పని. స్టైపెండ్ ఇంచుమించు ఒకటే. క్లాసులో అందరూ మొదటిదే అంటున్నారు. వేసవంతా ఈ మైగ్రేషన్‌లో పెడితే రేపు ప్లేస్‌మెంట్లలో దాన్ని పీఎం అనుభవం కింద లెక్కేస్తారా? మొహమాటం లేకుండా చెప్పండి.

గచ్చిబౌలి_పీఎం:
వదిలేయ్ తమ్ముడూ. ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చుంటాను కాబట్టి చెబుతున్నా. ఏ సమస్య ఎంచుకున్నావ్, ఎందుకు ఎంచుకున్నావ్, రిలీజ్ అయ్యాక ఏం మారింది అని అడుగుతాం. మైగ్రేషన్‌లో సమస్యని నువ్వు ఎంచుకోవు, అది ఎప్పుడో తేలిపోయింది. పాతదాంట్లో ఏముందో కొత్తదాంట్లో అదే ఉండాలి, స్పెక్ (ఏం కట్టాలో రాసిచ్చే పత్రం) అంటే అంతే. ఇక నీ చేతికొచ్చేది ఒక ఎక్సెల్ షీటు: ఏ బ్రాంచి మారింది, ఏది మారలేదు, ఎవరికి ఫోన్ చేయాలి. అది కోఆర్డినేషన్ పని, తక్కువ పనేం కాదు, కానీ నువ్వు వెతుక్కుంటున్న ఉద్యోగం అది కాదు. అన్నీ సవ్యంగా జరిగితే ఎవరూ పట్టించుకోరు, తేడా వస్తే మాత్రం ఫోన్లన్నీ నీకే.

లోన్‌డెస్క్:
"పాతదాంట్లో ఏముందో కొత్తదాంట్లో అదే" అన్నారు చూడండి, నాకు అభ్యంతరం అక్కడే. పాతదాంట్లో ఏముందో ఆ కంపెనీలో ఎవరికీ పూర్తిగా తెలియదు. రాసినవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు. నేను ఇలాంటి చిట్ ఫండ్ మైగ్రేషన్‌లోనే పనిచేశాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

వాయిదా కట్టే రోజు బ్రాంచి కౌంటర్ దగ్గర నిలబడి చూడు తమ్ముడూ. క్యాషియర్ గారు మౌస్ ముట్టుకోరు. గ్రూప్ నంబర్, ఎంటర్, టికెట్ నంబర్, ఎంటర్, మొత్తం, ఎంటర్, రసీదు బయటికి వచ్చేస్తుంది. ఆవిడ కళ్లు నోట్ల మీదే ఉంటాయి, స్క్రీన్ మీద కాదు. మా కొత్త వెబ్ స్క్రీన్‌లో పేరు వెతకాలి, డ్రాప్‌డౌన్‌లో గ్రూప్ ఎంచుకోవాలి, సేవ్ నొక్కాలి. డెమోలో అందరూ బాగుందన్నారు. మొదటి వాయిదా రోజు లైన్ గుమ్మం దాటింది. ఇంకోటి, రిమార్క్స్ గడి. ప్రోగ్రామ్‌లో ష్యూరిటీ ఇచ్చినవాళ్ల రెండో ఫోన్ నంబర్‌కి చోటు లేదని స్టాఫ్ దాన్ని రిమార్క్స్‌లో రాసుకుంటూ వచ్చారు. డెవలపర్లు ఆ గడిలో చెత్త ఉందనుకుని తీసుకురాకుండా వదిలేద్దామన్నారు. చీటీ పాడుకుని డబ్బు తీసుకుని తర్వాత వాయిదాలు ఎగ్గొట్టినవాళ్ల విషయంలో రికవరీ వాళ్లకి ఉన్న ఆధారం ఆ నంబరే.

కమిషన్ సంగతి ఇంకా చిక్కు. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ఫోర్‌మన్ (చిట్ నడిపేవాళ్లు) తీసుకునే కమిషన్ గరిష్ఠంగా 5 శాతం ఉండేది, 2019 సవరణతో 7 శాతం చేశారు. మా పాత ప్రోగ్రామ్‌లో 5 అనేది కోడ్‌లోనే రాసేసి ఉంది. దాన్ని మార్చే మనిషి లేక కొన్ని బ్రాంచీల్లో కొత్త గ్రూపులకు పైన పడే తేడాని చేత్తో లెక్కేసి విడిగా వోచర్ వేస్తూ పోయారు. ఆ వోచర్లని కొత్త సిస్టమ్ కమిషన్‌గా తీసుకోవాలా, ఇతర ఆదాయంగానా? మేనేజర్‌తో, అకౌంటెంట్‌తో, డెవలపర్‌తో కూర్చుని ఎవరో ఒకరు తేల్చాలి కదా. మా దగ్గర తేల్చింది పీఎం. ఏది మోసుకురావాలి, ఏది అక్కడే వదిలేయాలి, వదిలేస్తే ఎవరికి కష్టం, దానికి బదులు ఏమివ్వాలి, రోజంతా ఇదే పని. షాపింగ్ యాప్‌లో బటన్ ఎక్కడ పెట్టాలో ఏ/బీ టెస్ట్ చేయడం (రెండు రకాలుగా చూపించి ఏది బాగా పనిచేస్తుందో పోల్చడం) కంటే ఇందులో నేర్చుకునేది చాలా ఎక్కువని గట్టిగా నమ్ముతాను.

లండన్_తెలుగు:
లోన్‌డెస్క్ అక్క చెప్పింది కరెక్ట్, కానీ రిస్క్ కూడా తెలియాలి. ఇక్కడ టీఎస్‌బీ బ్యాంకుని 2015లో స్పెయిన్‌కి చెందిన సబాడెల్ కొన్నాక కూడా లావాదేవీలు పాత యజమాని లాయిడ్స్ సిస్టమ్‌లోనే నడిచేవి. 2018 ఏప్రిల్‌లో ఒకే వారాంతంలో 50 లక్షల మందికి పైగా ఖాతాదారులను కొత్త ప్లాట్‌ఫామ్‌కి మార్చేశారు. డేటా బాగానే చేరింది, ప్లాట్‌ఫామ్ మాత్రం వెంటనే మొరాయించింది, లక్షల మంది తమ ఖాతాలు తెరవలేకపోయారు. మళ్లీ మామూలు స్థితికి రావడానికి ఆ డిసెంబర్ దాకా పట్టింది. సీఈఓ సెప్టెంబర్‌లో వెళ్లిపోయారు, 2022 డిసెంబర్‌లో రెగ్యులేటర్లు 4.86 కోట్ల పౌండ్ల జరిమానా వేశారు. కాబట్టి నువ్వు చేరబోయే చోట అన్ని బ్రాంచీలనీ ఒకేసారి మారుస్తున్నారా, విడతలవారీగానా అని ముందే కనుక్కో. ఒకేసారి అంటే నేనైతే చేరను.

కాకినాడ_బ్యాంకర్:
మన దగ్గరి ఉదాహరణ చెబుతా. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాయి. మూడింటికీ ఉన్నది ఫినాకిల్ అనే ఒకే బ్యాంకింగ్ సాఫ్ట్‌వేరే, అంటే టెక్నికల్‌గా తేలికైన కేసు. అయినా ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు మారాయి, చెక్‌బుక్‌లు మారాయి, జీతాలూ పెన్షన్లూ ఈఎంఐలూ పాత కోడ్‌తో ముడిపడి ఉన్నాయి. ఫోన్‌లో ఎస్ఎంఎస్ చదవని పెద్దాయనకి ఈ సంగతి ఎవరు చెప్పాలి, పాత కోడ్ ఎన్నాళ్లు పనిచేయనివ్వాలి? ఇవి డెవలపర్ తేల్చే విషయాలు కావండి.

వరంగల్_రైతుబిడ్డ:
తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ ధరణి కూడా అంతే కదా. 2020 అక్టోబర్ 29న మొదలైంది. పాత రికార్డుల్లోని విస్తీర్ణం తేడాలు, పేర్ల తప్పులు, కోర్టు వివాదాలు పోర్టల్ మారినంత మాత్రాన పోలేదు, సరిదిద్దించుకోవడానికి రైతులు ఏళ్ల తరబడి తిరిగారు. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూ భారతి వచ్చింది. ఎవరి పాలనలో అన్నది నాకు అనవసరం, డేటాని శుభ్రం చేయకుండా స్క్రీన్ మారిస్తే ఏమవుతుందో మా ఊళ్లో చూశాం. చిట్ ఫండ్ డేటాలో వెంకటేశ్వర్లు అనే పేరుని ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా కొట్టి ఉంటారో ఆలోచించు. ఒకే మనిషి మూడు గ్రూపుల్లో ముగ్గురు కస్టమర్లుగా ఉంటాడు.

గచ్చిబౌలి_పీఎం:
మీరందరూ చెప్పినవి నిజమే, కాదనను. కానీ ఇవన్నీ సీనియర్లు తేల్చిన విషయాలు. లోన్‌డెస్క్ గారు అక్కడ ఉద్యోగి, ఇంటర్న్ కాదు. ప్రాజెక్ట్ చివరి దశలో ఉంటే నిర్ణయాలన్నీ అయిపోయి ఉంటాయి. మొదట్లో ఉంటే ఒక్క బ్రాంచి మారడం కూడా చూడకుండానే కాలేజీకి తిరిగొస్తాడు. అప్పుడు ఇంటర్వ్యూలో ఏం చెబుతాడు?

లోన్‌డెస్క్:
ఇది న్యాయమైన ప్రశ్న. అందుకే తమ్ముడూ, చేరేముందు ఇవి అడుగు. ఇప్పటికే మారిన బ్రాంచీలు ఉన్నాయా, నన్ను బ్రాంచిలో కూర్చోనిస్తారా, ఏ ఫీచర్ తీసేయాలో తేల్చేది ఎవరు, ఆ మీటింగ్‌లో నేనుంటానా, పాత ప్రోగ్రామ్‌ని ఏ రోజు ఆపేస్తారు. ఎన్ని బ్రాంచీలు మారాయి అన్న లెక్క మీద పెద్దగా ఆధారపడకు. మారాక కూడా ఎన్ని బ్రాంచీలు రోజూ పాతదాన్ని తెరుస్తున్నాయో చూడు. మా దగ్గర మారిపోయాయని పచ్చ రంగు వేసిన బ్రాంచీల్లో స్టాఫ్ సాయంత్రం కూర్చుని రెండిట్లోనూ ఎంట్రీలు కొట్టేవాళ్లు, ఎందుకంటే కొత్తదాంట్లో రోజువారీ వసూళ్ల రిపోర్ట్ ఏజెంట్ల వారీగా రాదు. అలాంటిది ఒక్కటి నువ్వు పట్టుకుని సరిచేయించినా గచ్చిబౌలి గారి మూడు ప్రశ్నలకీ జవాబు దొరికినట్టే.

కొత్తపీఎం_హైదరాబాద్:
థాంక్స్ అందరికీ. నిన్న కాల్‌లో అడిగాను. విడతలవారీగానే మారుస్తున్నారట, కొన్ని బ్రాంచీలు అయిపోయాయి, ఖమ్మం వైపువి ఈ వేసవిలో ఉన్నాయి, వాయిదా రోజుల్లో అక్కడ కూర్చోవచ్చన్నారు. ఫీచర్ల మీటింగ్‌లో కూడా ఉంటానట. పాతదాన్ని ఎప్పుడు ఆపేస్తారంటే మాత్రం సరైన జవాబు రాలేదు. చేరదామనే అనుకుంటున్నా.

గచ్చిబౌలి_పీఎం:
ఆ బ్రాంచి సంగతీ మీటింగ్ సంగతీ మెయిల్‌లో రాయించుకో. ఆపేసే తేదీ లేని మైగ్రేషన్‌కి ముగింపు ఉండదు, నా ఓటు ఇప్పటికీ షాపింగ్ యాప్‌కే.

లోన్‌డెస్క్:
ఖమ్మంలో ఉన్నప్పుడు పాత ప్రోగ్రామ్ నుంచి వాళ్లు నిజంగా ప్రింట్ తీసే రిపోర్టులు ఏవో, ఎవరు ఎందుకు తీస్తున్నారో రాసుకో. మెనూలో ఉన్నవాటిలో సగం ఎవరూ తీయరు, వాటిని కొత్తదాంట్లో కట్టక్కర్లేదు. ఆ జాబితా ముందుపెట్టి మీ మేనేజర్‌ని తేదీ అడుగు.