చదివింది ఒకటి, రోజూ చేసేది ఇంకోటి అవుతోంది

ప్రశ్న: పది రోజుల విపశ్యన (బౌద్ధ ధ్యానం) కోర్సు చేసొచ్చి నాలుగు నెలలైందండీ, అనిత్యం గురించి ఎంతసేపైనా మాట్లాడగలను, పొద్దున్నే "బుద్ధం శరణం గచ్ఛామి" అనుకుని దీపం పెడతాను, కానీ స్టవ్ మీద పాలు పొంగితే మా పాప మీద అరిచేస్తున్నా. తెలిసింది చేతల్లోకి ఎలా వస్తుంది?

జవాబు: బౌద్ధ గ్రంథాల భాష పాళీలో పరియత్తి అంటే చదువు, పటిపత్తి అంటే ఆచరణ, పటివేధ అంటే స్వయంగా తెలుసుకోవడం, మూడూ కలిసి నడవాలండీ. కోర్సులో మొదటి మూడు రోజులూ శ్వాసే కదా చూడమన్నారు, అరవబోయే ముందు ముక్కు దగ్గర ఆ గాలినే పట్టుకోండి.

జవాబు: నేనైతే గిన్నెలు తోమేటప్పుడు చేస్తా, నీళ్ల చల్లదనం, పీచు గరుకు, అంతే. ఎరుక గురించి బుద్ధుడు చెప్పిన సతిపట్ఠాన సుత్తంలో నడవడం, తినడం కూడా సాధనే అని ఉంది. దీపం మాత్రం మానకండి, శరణు అనేముందు ఒక్క శ్వాస గమనించి అనండి.

అడిగినవారు: ఇవాళా పాలు పొంగాయండీ. స్టవ్ ఆపి, ఊపిరి చూసుకుని, పాపని దగ్గరికి తీసుకున్నా.