డెండ్రోబియం ఆర్కిడ్ పువ్వుల్లో తెల్ల చారలు: కొత్త రకమా, జబ్బా?

మేడమీద తోట, అమలాపురం:
మూడేళ్ల క్రితం కడియపులంకలో కొన్న ఊదారంగు డెండ్రోబియం ఇది. కొబ్బరి డొక్క ముక్కల్లో పెట్టి నీడలో వేలాడదీశాను. ఇన్నాళ్లూ నిండు ఊదాలో పూసింది. ఈసారి ఏడు పువ్వులొస్తే అయిదింటి రేకుల మీద తెల్ల చారలు, సున్నం చేత్తో పట్టుకున్నట్టు. ఏ రెండూ ఒకలా లేవు. మా అత్తయ్యగారికి తెగ నచ్చేసింది. పక్కింటి పిన్నిగారు పిలక ఇమ్మని రోజూ అడుగుతున్నారు. ఇవ్వొచ్చా?

కుండీల బాబాయి, రాజమండ్రి:
ఎండ దెబ్బేమోనమ్మా. మే నెలలో విచ్చినవి మా ఇంట్లోనూ వెలిసిపోతాయి, చలికాలం పూత ముదురుగా వస్తుంది. అయితే వెలిస్తే రేకంతా వెలుస్తుంది. చారలంటే నాకూ అనుమానమే.

పులంక కుర్రోడు:
ఇవ్వకండి అక్కా. ముందు ఆకుని వెలుతురుకి ఎత్తి చూడండి, లేత పసుపు చారలో వలయాలో ఉన్నాయేమో. ఓడొంటోగ్లోసమ్ రింగ్‌స్పాట్ అనే వైరస్ ఉంది, పొగాకు మొజాయిక్ వైరస్‌కి చుట్టం. అది సోకితే ఊదా రంగునిచ్చే ఆంథోసయనిన్ రేకులో ఒకచోట పేరుకుంటుంది, ఒకచోట అసలుండదు. పురుగు మోసుకొచ్చేది కాదు, కత్తెరకి అంటిన పసరుతో పాకుతుంది. మందు లేదు.

టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో పనిచేసిన మనిషి:
ప్రతి మచ్చా వైరస్ కాదు. తైవాన్ హార్లెక్విన్ రకం ఫెలనాప్సిస్ ఆర్కిడ్‌ల మీద పెద్ద పెద్ద మచ్చలుంటాయి, అవి టిష్యూ కల్చర్ మొక్కల్లో, అంటే చిన్న ముక్క నుంచి ల్యాబ్‌లో పెంచిన మొక్కల్లో, జన్యువు మారి పుట్టినవి. వాటికీ ఏ పువ్వు మచ్చలు ఆ పువ్వువే. కాబట్టి కంటితో తేల్చలేం, వైరస్ టెస్ట్ స్ట్రిప్ పెట్టాల్సిందే. కాకపోతే మూడేళ్లు బాగా పూసి ఇప్పుడు చారలొచ్చాయంటున్నారు, నేనైతే ముందు వైరస్‌నే అనుమానిస్తాను.

మేడమీద తోట:
ఆకు వెనక చారలున్నాయి! కిందటి వానాకాలం ఒకే బ్లేడుతో నాలుగు కుండీల పిలకలు కోశాను. ఒకటే టెన్షన్‌గా ఉంది.

పులంక కుర్రోడు:
ఆ నాలుగూ మిగతావాటికి దూరంగా పెట్టండి, నీళ్లు ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి కారకూడదు. ఇకనుంచి కుండీ కుండీకీ కత్తెర గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చి వాడండి. స్ట్రిప్‌లో వైరస్ అని తేలితే మొక్క కాల్చేయడమే, ఎంత ముద్దొచ్చినా.

మేడమీద తోట:
సరే తమ్ముడూ. కానీ పిన్నిగారు అడుగుతున్నది రెండో పిలక. మొదటిది సంక్రాంతికే ఇచ్చేశాను, వాళ్ల వరండాలో పదిహేను కుండీల మధ్య వేలాడుతోంది.