స్టే ఉన్నా గోడ కూల్చారు, ధిక్కరణ కేసు ఎవరి మీద వేయాలి?

మాది కావలి దగ్గర పల్లెటూరు. రోడ్డు వెడల్పు పేరుతో మా దొడ్డి గోడ కూల్చబోతే హైకోర్టు స్టే ఇచ్చింది. ఆ కాగితం చూపిస్తే అధికారి, "కోర్టు అమరావతిలో ఉంది, ఇక్కడ ఉన్నది నేను" అన్నారు. మర్నాడు తెల్లవారేసరికి జేసీబీ వచ్చింది. గోడతో పాటు మా నాన్న నాటిన రెండు నిమ్మచెట్లూ పోయాయి. గోడ మళ్లీ కట్టుకోవచ్చు, ఆ మాటే మింగుడు పడడం లేదు.

1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం 20వ సెక్షన్ ఏడాది గడువే ఇస్తుంది. అప్పుడే తొమ్మిది నెలలు గడిచాయి. ఆయనకేమో ఒంగోలు వైపు బదిలీ అయింది. పిటిషన్ ఆయన పేరు మీదే వేయాలా, ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నవారి మీదా? స్టే కాపీ అందినట్టు రసీదు లేదు, ఫోనులో తీసిన వీడియో ఉంది. అది చాలుతుందా?